సిబిల్‌లో మైనస్ ఒకటి: ఇంటి రుణానికి దారి ఉందా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఖమ్మంలో పదహారేళ్లుగా ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడుపుతున్నాను. 2012లో బండి కోసం తీసుకున్న అప్పు 2014లో తీర్చేశాను. ఆ తరువాత ఏ బ్యాంకులోనూ అప్పు చేయలేదు, క్రెడిట్ కార్డు తీసుకోలేదు, అవసరాలన్నీ చిట్టీలతోనే గడుపుకొచ్చాను. నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు, జీతం 22,000 రూపాయలు. ఇంట్లో వాయిదాల మీద కొన్నది ఒక్క ఫ్రిజ్, అదీ రెండేళ్ల కిందట ఆమె పేరు మీద కొన్నాం, పది నెలల్లో తీరిపోయింది. రెండేళ్లుగా రిటర్నులు వేస్తున్నాను, నిరుడు 4.8 లక్షల ఆదాయం చూపించాను. ఇప్పుడు 34 లక్షలకు ఒక పాత ఫ్లాటు మాట్లాడుకున్నాం. మా దగ్గర మొత్తం 11 లక్షలు ఉంటే అందులో రెండు లక్షలు నగదుగా అడ్వాన్సు ఇచ్చాం. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలన్నది మాట. బ్యాంకుకు వెళితే నా సిబిల్ మైనస్ ఒకటి ఉందని, స్కోరు లేనిదే కష్టమని అన్నారు. ఒక ఏజెంటు 15,000 ఇచ్చి, ఒక పర్సనల్ లోన్ తీసుకుంటే మూడు నెలల్లో స్కోరు తెప్పిస్తానంటున్నాడు. ఒక హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ 12 శాతం వడ్డీకి ఇస్తానంటోంది. ఫ్లాటు అమ్మేవారేమో కాగితాల మీద 24 లక్షలే రాద్దామంటున్నారు. ఎవరికీ రూపాయి బాకీ పడని నాకే అప్పు పుట్టకపోవడం ఏమిటి?

సమాధానం: ముందుగా మీ చివరి మాటకే జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా ముడులన్నీ అక్కడే పడి ఉన్నాయి. బాకీ లేని మనిషిని ఊరు మంచివాడంటుంది. అప్పుల చరిత్ర నమోదు చేసి స్కోరు ఇచ్చే సంస్థ, అంటే క్రెడిట్ బ్యూరో, మాత్రం అతని గురించి తనకేమీ తెలియదంటుంది. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది, మైనస్ ఒకటి ఆ కొలతలోనే లేదు. పరీక్ష రాయని పిల్లవాడి పేరు ఎదుట మార్కుల గడిలో సున్నా వేయరు, ఒక గీత గీస్తారు. ఇదీ అటువంటి గీతే. అసలు అప్పు చేయనివారికే కాక, ఎప్పుడో చేసి తీర్చేసి గత రెండు మూడేళ్లుగా ఏ రుణ లావాదేవీ లేనివారికి కూడా ఇదే గుర్తు పడుతుంది. మీరు 2014లో శుభ్రంగా కట్టేసిన బండి అప్పు మీ నిజాయితీకి సాక్ష్యమే కానీ, ఆ సాక్ష్యానికి పదేళ్లు దాటిపోయాయి. ఇవాళ్టి మీ అలవాటును దాని నుంచి లెక్కగట్టే వీలు స్కోరు సూత్రానికి లేదు.

మీరు పదహారేళ్లుగా కట్టిన చిట్టీలు, ఎల్ఐసీ ప్రీమియంలు, కరెంటు బిల్లులు, దుకాణం అద్దె ఇవేవీ ఆ స్కోరు లెక్కలోకి రావు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, కార్డు సంస్థలు తాము ఇచ్చిన అప్పుల వివరాలను బ్యూరోలకు పంపుతాయి, స్కోరు వాటి మీదే ఆధారపడుతుంది. రిజిస్టరైన చిట్‌ఫండ్ కంపెనీలో మీరు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టి ఉండవచ్చు. ఆ పాస్‌బుక్కు చూసి బ్యూరో మార్కులు వేయదు. ఇది న్యాయమా అంటే నాకూ సందేహమే. అయితే ఆ పాస్‌బుక్కుకు వేరే చోట విలువ ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను.

ఇక ‘స్కోరు లేనిదే కష్టం’ అన్న మాట. రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6న వెలువరించిన నిబంధనావళి (మాస్టర్ డైరెక్షన్)లో, తొలిసారి రుణం అడిగేవారి దరఖాస్తును కేవలం రుణ చరిత్ర లేదన్న కారణంతో తిరస్కరించవద్దని రుణ సంస్థలకు చెప్పింది. రుణం మంజూరుకు కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా నిర్ణయించలేదని ఆర్థిక శాఖ సహాయ మంత్రి అదే ఏడాది ఆగస్టులో లోక్‌సభకు తెలిపారు. మీరు ఒకప్పుడు అప్పు తీసుకున్నవారే కనుక ‘తొలిసారి’ అన్న మాట మీకు అక్షరాలా వర్తించదని ఎవరైనా వాదించవచ్చు కానీ, ఖాళీ రిపోర్టు విషయంలో మీ పరిస్థితీ వారి పరిస్థితీ ఒకటే. కొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకులు స్కోరును బట్టి ప్రకటించే వడ్డీ పట్టికల్లో ‘మైనస్ ఒకటి’ వారికి విడిగా ఒక వరుసే ఉంటుంది; ఇవ్వకూడదనుకుంటే దానికి వడ్డీ ఎందుకు నిర్ణయిస్తారు? ఆ వడ్డీ మంచి స్కోరు ఉన్నవారి వడ్డీ కంటే కాస్త ఎక్కువే ఉంటుంది, కానీ మీకు చెప్పిన 12 శాతానికి దరిదాపుల్లో కూడా ఉండదు.

అయితే ఈ నిబంధనను చేత పట్టుకుని కౌంటరు దగ్గర వాదనకు దిగవద్దని నా సలహా. నిబంధన ‘ఆ ఒక్క కారణంతో కాదనవద్దు’ అని మాత్రమే చెబుతుంది. ఆదాయం చాలదనో, ఆస్తి కాగితాలు సరిగా లేవనో కాదనడానికి బ్యాంకుకు పూర్తి స్వేచ్ఛ ఉంది, వ్యాపారపరమైన అటువంటి నిర్ణయంలో బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ కూడా సాధారణంగా జోక్యం చేసుకోరు. పైగా మీరు కలిసింది కౌంటరులో ఉన్నవారిని, దరఖాస్తు ఇవ్వకుండా. పాతికేళ్లు బ్యాంకులో పనిచేసినవాడిగా చెబుతున్నాను: నోటితో అడిగిన ప్రశ్నకు నోటితో వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ‘కష్టమండి’ అనే ఉంటుంది. పూర్తి కాగితాలతో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి, కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా కోరండి.

దరఖాస్తుకు ముందు చేయవలసిన పని ఒకటుంది. మీ రిపోర్టును, మీ భార్య రిపోర్టును మీరే తెప్పించుకుని చదవాలి. వనస్పతి ఏదైనా డాల్డా అన్నట్టు మనం అన్నిటినీ సిబిల్ అంటున్నాం కానీ, దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలు ఉన్నాయి. ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలన్న నియమం 2017 జనవరి నుంచి అమలులో ఉంది. మీ రిపోర్టు మీరే చూసుకుంటే స్కోరు తగ్గదు. ఆ భయంతో చూసుకోనివారు చాలామంది ఉన్నారు కనుక చెబుతున్నాను. స్కోరుకు చేటు చేసేది వేరు: ఒకే నెలలో ఐదారు బ్యాంకుల్లో దరఖాస్తులు పెట్టడం. ప్రతి దరఖాస్తుకూ ఒక విచారణ నమోదవుతుంది, అవి వరుసగా కనిపిస్తే అందరూ కాదంటున్న మనిషి అన్న అనుమానం తరువాతి అధికారికి కలుగుతుంది.

మీకు ‘ఏమీ లేదు’ అని బ్యాంకు చెప్పింది కదా, ఇంకేం చూడాలంటారేమో. స్కోరు లేకపోయినా రిపోర్టులో పాత ఖాతాలు ఉండవచ్చు. నేను గృహ రుణాల బల్ల దగ్గర కూర్చున్న రోజుల్లో ఒక రైతుబిడ్డ, మీలాగే ఏ అప్పూ లేదని ధీమాగా వచ్చాడు. రిపోర్టు తీస్తే ఒక ట్రాక్టరు రుణం ఉంది, ఆరు వాయిదాలు బకాయి ఉన్నాయి. అది అతనిది కాదు, ఎప్పుడో బావమరిది కోసం జామీను సంతకం పెట్టిన రుణం. జామీను ఉన్న అప్పు కూడా జామీనుదారు రిపోర్టులో అతని పేరు మీదే కనబడుతుందని అతనికి ఆ రోజే తెలిసింది. కనుక గత పదేళ్లలో ఎవరికైనా సంతకం పెట్టారేమో గుర్తు చేసుకోండి. ఊళ్లో భూమి మీద పంట రుణం తీసుకుని రెన్యువల్ చేయించడం మరచిపోయారేమో కూడా చూడండి. మన ప్రాంతంలో ‘నాకు అప్పు లేదు’ అనేవారు మరచిపోయే అప్పు ఎక్కువగా అదే.

మీ బండి అప్పు ఒకవేళ ఆ రిపోర్టులో కనిపిస్తే, దాని ఎదుట ‘క్లోజ్డ్’ అని ఉందో లేదో చూడండి. ‘సెటిల్డ్’ అని ఉన్నా, ‘రిటన్ ఆఫ్’ అని ఉన్నా ప్రమాదమే. మొదటిదానికి పూర్తి బాకీ కట్టకుండా రాజీ చేసుకున్నారని, రెండోదానికి వసూలు కాదని లెక్కల్లోంచి కొట్టేశారని అర్థం. చివరి వాయిదా కట్టి, బాకీ లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) తీసుకోకుండా వచ్చేసినవారు ఎందరో ఉన్నారు. బీరువాలో ఉన్న మీ బండి ఆర్‌సీ తీసి చూడండి: ఫైనాన్స్ సంస్థ పేరు ఇంకా దాని మీద ఉంటే, అప్పు తీరినా కాగితం తీరలేదని అర్థం. తప్పు ఉంటే ఆ సంస్థకూ బ్యూరోకూ ఫిర్యాదు చేయండి. ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ పైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. మూడు నెలల గడువులో ఒక నెల ఇందుకే పోవచ్చు కనుక ఈ పని ఈ వారంలోనే మొదలుకావాలి.

ఇప్పుడు మీరు ఉత్తరంలో ఏదో మాటవరసకు రాసిన ఫ్రిజ్ దగ్గరికి వస్తాను. మీ ఉత్తరం మొత్తంలో బ్యాంకుకు పనికివచ్చే మాట అదేనని నాకు అనిపించింది. దుకాణంలో వాయిదాల మీద వస్తువు కొన్నప్పుడు దుకాణదారు అప్పు ఇవ్వడు. అతని పక్కన బల్ల వేసుకుని కూర్చున్న ఫైనాన్స్ కంపెనీ ఇస్తుంది, ఆ వివరం బ్యూరోకు చేరుతుంది. అంటే మీ ఇంట్లో రుణ చరిత్ర ఉంది, అయితే అది ఆమె పేరు మీద ఉంది. పది వాయిదాలూ సకాలంలో పోయి ఉంటే, అది తీరి ఎక్కువ కాలం కాలేదు కనుక ఆమెకు స్కోరు కూడా ఉండే అవకాశం బాగా ఉంది. ఏదో ఒక నెల ఖాతాలో డబ్బు లేక వాయిదా వెనక్కి వెళ్లి ఉంటే అదీ అందులో కనిపిస్తుంది. కనుక రుణానికి ఇద్దరూ దరఖాస్తుదారులుగా ఉండండి, ఇల్లు కూడా ఇద్దరి పేరిట రిజిస్టరు చేయించుకోండి. ఇద్దరిలో ఎవరి స్కోరును లెక్కలోకి తీసుకుంటారన్నది బ్యాంకును బట్టి మారుతుంది, ఆ సంగతి ముందుగా అడగండి. మహిళ సహ దరఖాస్తుదారుగా ఉంటే కొన్ని బ్యాంకులు వడ్డీలో స్వల్పంగా తగ్గింపు కూడా ఇస్తాయి.

ఆమె జీతం ఖాతాలో పడుతోందా, కవరులో చేతికి ఇస్తున్నారా అన్నది మీరు రాయలేదు. ప్రైవేటు పాఠశాలల్లో సగం ఖాతాలో, సగం చేతికి ఇచ్చే పద్ధతి ఎంత మామూలో మీకూ తెలుసు. బ్యాంకు లెక్కించేది ఖాతాలో కనబడినదే. యాజమాన్యాన్ని అడిగి వచ్చే నెల నుంచైనా మొత్తం ఖాతాలో వేయించుకోండి, జీతపు ధ్రువపత్రం తీసుకోండి.

మీ ఆదాయం విషయం ఇంతకంటే చిక్కుది. స్కోరు లేనప్పుడు అధికారి మీ ఖాతా స్టేట్‌మెంటునే స్కోరుగా చదువుతాడు. పన్నెండు నెలల స్టేట్‌మెంటులో అతను వెదికేవి నాలుగైదు సంగతులే: డబ్బు రోజూ వస్తోందా, నెలాఖరుకు ఎంత నిలుస్తోంది, చెక్కులు వెనక్కి వెళ్లాయా, దరఖాస్తుకు ముందు వారంలో ఎక్కడి నుంచో పెద్ద మొత్తం హఠాత్తుగా వచ్చి పడిందా. మీ దుకాణంలో కౌంటరు మీద క్యూఆర్ కోడ్ ఉండే ఉంటుంది; యాభై రూపాయల బల్బు కొన్నవాడు కూడా ఇవాళ ఫోనుతోనే చెల్లిస్తున్నాడు. ఆ చిన్న చిన్న జమలే మీకు మంచి సాక్షులు. వచ్చిన నగదును గల్లా పెట్టెలోంచి నేరుగా సరుకు తెచ్చిన ఏజెంటు చేతిలో పెట్టడం మానండి; రోజూ కుదరకపోతే రెండు రోజులకొకసారి ఖాతాలో వేసి, హోల్‌సేలు వారికి ఖాతా నుంచే పంపండి. ఇందులో బూటకమేమీ లేదు, ఉన్న వ్యాపారాన్ని ఉన్నట్టు చూపించడమే.

చిట్టీ పాస్‌బుక్కు విలువ ఇక్కడ ఉంది. నెలకు 15,000 చిట్టీ క్రమం తప్పక కట్టే మనిషి 21,000 వాయిదా కట్టగలడని ఏ అధికారికైనా తోస్తుంది. దానిని కూడా కాగితాలతో జతచేయండి. అయితే పాట ఇప్పటికే పాడుకుని ఉంటే మిగిలిన వాయిదాలను అధికారి మీ మీద ఉన్న భారంగానే లెక్కిస్తాడు, కనుక పాడని చిట్టీ వేరు, పాడిన చిట్టీ వేరు అని గుర్తుంచుకోండి.

రిటర్నుల విషయంలో చాలా బ్యాంకులు మూడేళ్లవి అడుగుతాయి, కొన్ని రెండేళ్లతో సరిపెట్టుకుంటాయి. మీకు రెండే ఉన్నాయి కనుక మూడోది ఇప్పుడు వేద్దామా అని మీ ఆడిటరు అనవచ్చు. నాలుగేళ్ల వరకు వేయని పాత రిటర్నులను వేసుకునే, వేసినవాటిని సవరించుకునే వీలును 2025లో చట్టం కల్పించింది కానీ, ఆలస్యాన్ని బట్టి పన్ను, వడ్డీల మీద మరో 25 నుంచి 70 శాతం అదనంగా కట్టాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి, రిటర్ను మీద దాఖలు చేసిన తేదీ ఉంటుంది. రుణం కోసం వచ్చిన నెలలోనే వేసిన పాత రిటర్నును చూసి అధికారి ముఖం ఎలా మారుతుందో నేను చాలాసార్లు చూశాను, కొన్నిసార్లు ఆ ముఖం నాదే. మీరు రెండింటితోనే వెళ్లండి, జీఎస్‌టీ రిటర్నులు, దుకాణం లైసెన్సు, చిన్న వ్యాపారాల నమోదుకు ఇచ్చే ఉద్యం సర్టిఫికెట్టు జతచేయండి. పదహారేళ్ల దుకాణానికి ఉన్న బరువు ఆ ఒక్క కాగితానికి ఉండదు.

లెక్క చూద్దాం. మీ 4.8 లక్షలు, ఆమె 2.64 లక్షలు కలిపితే ఏడాదికి 7.44 లక్షలు, అంటే నెలకు 62,000 రూపాయలు. ఇరవై ఏళ్లకు, ఉదాహరణగా 8.5 శాతం వడ్డీకి, 25 లక్షల రుణం తీసుకుంటే వాయిదా సుమారు 21,700 వస్తుంది. అది మీ కాగితపు ఆదాయంలో 35 శాతం. బ్యాంకులు సాధారణంగా 40, 50 శాతం దాకా ఒప్పుకుంటాయి కనుక మీ దరఖాస్తు ఆదాయం దగ్గర ఆగిపోయేది కాదు. ఇదే రుణం 12 శాతానికి అయితే వాయిదా 27,500 అవుతుంది. నెలకు 5,800 తేడా. ఇరవై ఏళ్లూ అలాగే కడితే ఆ తేడా దాదాపు 14 లక్షలు, అంటే మీరు ఇన్నాళ్లూ కూడబెట్టినదానికంటే ఎక్కువ.

అలాగని ఆ హౌసింగ్ ఫైనాన్స్ సంస్థను పూర్తిగా కొట్టిపారేయమని నేను చెప్పడం లేదు. కాగితాలు లేని చిరువ్యాపారుల ఆదాయాన్ని దుకాణానికి వచ్చి, సరుకు చూసి, పక్కవారిని అడిగి అంచనా కట్టే పని అటువంటి సంస్థలే చేస్తున్నాయి, ఆ శ్రమకు, ఆ నష్టభయానికి వడ్డీ ఎక్కువ వేస్తున్నాయి. కానీ మీకు కాగితాలు ఉన్నాయి. రెండు బ్యాంకులు రాతపూర్వకంగా కాదన్న తరువాత, ఆ ఫ్లాటే కావాలనుకుంటే, అప్పుడు వెళ్లండి. అప్పుడు కూడా చలన వడ్డీ (ఫ్లోటింగ్, అంటే కాలాన్ని బట్టి మారే వడ్డీ) రుణమే తీసుకోండి. వ్యక్తులు తీసుకునే చలన వడ్డీ గృహ రుణాన్ని ముందుగా తీర్చినా, వేరే బ్యాంకుకు మార్చుకున్నా జరిమానా వేయకూడదు. ఏడాదిన్నర, రెండేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కడితే అదే మీకు స్కోరును తెచ్చిపెడుతుంది, ఆ స్కోరుతో బ్యాంకుకు మారవచ్చు. సంతకం చేసే ముందు వారు తప్పక ఇవ్వవలసిన రుణ వివరాల పత్రం, అంటే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటులో, వార్షిక మొత్తం ఖర్చు శాతం ఎంత రాశారో చూడండి. రుణంతో కలిపి అంటగట్టే బీమా ప్రీమియం అందులోనే బయటపడుతుంది.

ఏజెంటు సంగతి. స్కోరును డబ్బుకు తెచ్చిపెట్టగలిగినవారు ఎవరూ లేరు. అతను చేసేది మీ చేత ఒక పర్సనల్ లోన్ తీయించడం, దాని మీద కమీషన్ తీసుకోవడం, పైగా మీ దగ్గర 15,000 పుచ్చుకోవడం. కొత్త ఖాతా మీద స్కోరు పుట్టడానికి ఇంచుమించు ఆరు నెలలు పడుతుంది కనుక అతని మూడు నెలల మాట లెక్కకే నిలవదు. ఈలోగా గృహ రుణం అధికారికి మీ రిపోర్టులో కనిపించేది, పదేళ్లు అప్పు లేని మనిషి ఇల్లు కొనే ముందు హడావుడిగా చేసిన తాకట్టు లేని అప్పు. దాని వాయిదా కూడా మీ ఆదాయంలోంచి తీసివేస్తాడు. ఖాళీ కాగితాన్ని పాడుచేయడానికి 15,000 ఇవ్వడం దేనికి?

నిజంగా స్కోరు కావాలంటే దారి చవకైనదే, కానీ నిదానమైనది. మీకు ఖాతా ఉన్న బ్యాంకులో 25,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని హామీ మీద క్రెడిట్ కార్డు అడగండి. ఆదాయపు కాగితాలు, స్కోరు పెద్దగా అడగకుండానే డిపాజిట్‌లో ముప్పాతిక వంతుకు పైగా పరిమితితో ఇస్తారు. నెలకు ఫోను బిల్లు, పెట్రోలు వంటివి రెండు మూడు వేలకు మించకుండా దాని మీద పెట్టి, గడువుకు ముందే మొత్తం కట్టేయండి. బిల్లు మీద ‘కనీస మొత్తం’ అని ఒక చిన్న అంకె కనిపిస్తుంది, దాన్ని నమ్మితే మిగతాదాని మీద ఏడాదికి 40 శాతం దాకా వడ్డీ పడవచ్చు. 2025 జనవరి నుంచి రుణ సంస్థలు కనీసం పదిహేను రోజులకొకసారి బ్యూరోలకు వివరాలు పంపుతున్నాయి కనుక మంచి చెడ్డలు రెండూ మునుపటి కంటే త్వరగా నమోదవుతాయి. ఈ ఫ్లాటు మీకు దక్కినా దక్కకపోయినా ఈ కార్డు తీసుకోండి.

ఇప్పుడు 24 లక్షల బేరం. అమ్మేవారికి ఇందులో లాభం పన్ను తగ్గడం. మీకు కనబడే లాభం రిజిస్ట్రేషన్ ఖర్చు: తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కనుక 34 లక్షలకు 2.55 లక్షలు, 24 లక్షలకు 1.80 లక్షలు, అంటే 75,000 మిగులుతాయి. కానీ బ్యాంకు రుణం ఇచ్చేది కాగితం మీద ఉన్న ధర మీద. 30 లక్షల లోపు గృహ రుణంలో ఆస్తి విలువకు 90 శాతం మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. 24 లక్షలకు గరిష్ఠంగా 21.6 లక్షలు, మీలా స్కోరు లేనివారికి అంత కూడా ఇస్తారన్న హామీ లేదు. మిగిలిన 12.4 లక్షలు, రిజిస్ట్రేషన్ 1.8 లక్షలు కలిపి 14.2 లక్షలు మీరు తేవాలి, ఉన్నది 11. అదే 34 లక్షలకే రాసుకుని 25 లక్షలు రుణం తీసుకుంటే ధరలో మీ వాటా 9 లక్షలు, రిజిస్ట్రేషన్ 2.55, మొత్తం 11.55 లక్షలు; బ్యాంకు వారి ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్ ఖర్చులు మరికొంత. చిట్టీ ఒకటి పాడితే సరిపోయే లోటు అది. రేపు మీరు అమ్ముకునేటప్పుడు కొన్న ధర 24 లక్షలుగానే లెక్కకు వస్తుంది, ఇవాళ అమ్మేవారు తప్పించుకున్న పన్ను ఆ రోజు మీ మీద పడుతుంది. అదీగాక స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, పుచ్చుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. మీరు ఇచ్చిన రెండు లక్షల సంగతి అమ్మేవారికి ఈ విధంగా గుర్తు చేసి, దాన్ని ఖాతా ద్వారానే వెనక్కి ఇచ్చి చెక్కుగా తీసుకోమంటే వారికే మేలు, మీకూ ధరలో మీ వాటా (మార్జిన్ డబ్బు) కట్టినట్టు బ్యాంకుకు చూపించే ఆధారం దొరుకుతుంది.

నేను 25 లక్షల దగ్గరే ఆగడానికి మరో కారణం ఉంది. ప్రధాన మంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో దశలో, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబం 35 లక్షల లోపు ఇంటికి 25 లక్షల లోపు రుణం తీసుకుంటే, మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది, గరిష్ఠంగా 1.80 లక్షలు, ఐదు వార్షిక విడతల్లో. మీ లెక్కలు మూడూ ఆ గీతల లోపలే ఉన్నాయి. కుటుంబం అంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు కనుక ఊళ్లో మీ నాన్నగారి పేరున ఉన్న ఇల్లు అడ్డు రాదు. గత ఇరవై ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం కింద మీరు లబ్ధి పొంది ఉండకూడదు. దరఖాస్తు ఇచ్చే రోజునే ఈ పథకం కింద కూడా నమోదు చేయమని బ్యాంకును అడగండి. 26 లక్షలు ఇస్తామంటే ఆశపడి తీసుకోవద్దు.

ఇక గడువు. స్కోరు కంటే ఎక్కువగా రుణాలు ఆగిపోయేది ఆస్తి కాగితాల దగ్గర. అది పాత ఫ్లాటు కనుక పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, ఆస్తి పన్ను రసీదు, ఆస్తి మీది లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ నకళ్లు ఇప్పుడే అడిగి తీసుకుని, ముందుగా మీ ఖాతా ఉన్న బ్యాంకులో, మీ వ్యాపార జమలు ఎక్కువగా కనిపించే శాఖలో ఇవ్వండి. అమ్మేవారితో ఉన్నది నోటిమాటో, తెల్లకాగితమో అయితే దాన్ని స్టాంపు కాగితం మీద అగ్రిమెంటుగా మార్చండి. అందులో 34 లక్షల పూర్తి ధర, మీరు ఇచ్చిన అడ్వాన్సు, గడువు మూడు నెలలకు బదులు నాలుగు నెలలు, బ్యాంకు రుణం మంజూరు కాకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో వాపసు ఇస్తారన్న షరతు ఉండాలి. ఈ చివరి షరతుకు అమ్మేవారు ఒప్పుకోకపోతే మూడో లక్ష వారి చేతిలో పెట్టవద్దు.